ఎదురుగోలు వెనక మా నాయన

నాకు అసూయ ఎక్కువ. చిన్నప్పుడు దాన్ని పట్టుదల అని చెప్పుకునేవాణ్ని, ఉద్యోగం చేసే రోజుల్లో ఆత్మాభిమానం అన్నాను, ఇప్పుడు పేర్లు మార్చే ఓపిక లేదు. మొన్న కర్నూల్లో హాకీ పోటీలు జరుగుతుంటే, పాత ఆటగాళ్లకు సన్మానం చేస్తున్నాం రమ్మని కబురొచ్చింది. మోకాళ్ల నొప్పులతోనే బయల్దేరాను. శాలువా మీద ఆశతో కాదు. నేతగాడి ఇంట్లో పుట్టినవాణ్ని, ఆ శాలువాలు చేత్తో పట్టుకుంటే చాలు మిల్లు సరుకని తెలిసిపోతుంది. నా పేరు మైకులో ఎట్లా చెబుతారో విందామని వెళ్లాను. "అలనాటి గోల్‌కీపర్ మద్దిలేటి గారు" అన్నారు. అలనాడంటే ఏనాడో చెప్పలేదు. నా పక్క కుర్చీలో ఒక ముసలాయన, నాకంటే పెద్దవాడే, చెవి వెనక చెయ్యి పెట్టుకుని విని నా వైపు తిరిగాడు. "మద్దిలేటా? కర్నూలు గోలీ అంటే ఖాదరు గదప్పా. నువ్వెప్పుడాడితివి?" అన్నాడు. ఖాదరు పోయి ఎన్నో ఏళ్లయింది. అయినా నా కుర్చీలో నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు.

శాలువా మడతపెట్టుకుంటుండగా పోటీలు జరిపిస్తున్న కార్యదర్శి ఒక కుర్రవాణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పేరు చరణ్. ఇప్పటి కర్నూలు జట్టుకు గోల్‌కీపరు. "సార్, మీరు పాతోళ్ల ఆట చూసినోళ్లు, ఆడినోళ్లు. ఈ పిల్లోడు వాళ్లతో పోలిస్తే ఎట్లుండాడో ఆట చూసి చెప్పల్ల," అన్నాడు. కుర్రవాడు వంగి కాళ్లకు మొక్కాడు. వాడి ఒంటి మీద ఉన్న సరంజామా చూస్తే నాకు అక్కడికక్కడే కడుపు మండింది. కాళ్లకు స్పాంజి దిమ్మెలు, చేతులకు దిండ్లంత గ్లవుజులు, రొమ్ముకు కవచం, చంకలో ఇనుప జాలీ ఉన్న టోపీ. ఇవన్నీ తొడిగితే మా వీధిలో నీళ్ల తొట్టి కూడా గోలు కాపాడుతుంది. నేను ఆడిన రోజుల్లో కాళ్లకు రెండు ప్యాడ్లు, పాదాలకు తోలుముక్కలు, అంతే. మొగానికి దేవుడే దిక్కు.

మా కర్నూల్లో అప్పట్లో ఒక అలవాటుండేది. పాత గోలీ ఊళ్లో ఉంటే, ఆట జరిగేటప్పుడు కొత్త గోలీ వెనక, గోలుకు కట్టిన గోనెపట్టల అవతల నిలబడేవాడు. ఎడమకు జరుగు, ముందుకు పో, అని మెల్లగా చెబుతుండేవాడు. ఆ అలవాటు ఇప్పుడు లేదని తెలిసినా, మొదటి సగం ఆట చరణ్ గోలు వెనకకు పోయి నిలబడ్డాను. వాడు ఒకసారి వెనక్కి చూసి తల వంచాడు. వాడి వీపు చూస్తూ, ఆ వీపును ఎవరితో పోల్చాలా అని ఆలోచిస్తూ నిలబడితే, ఆట మీద మనసు నిలవలేదు. మా ఇంట్లో ఈ పోల్చే పని ఎవరిదో, అది నన్నెట్లా కాల్చుకు తిన్నదో, అదే గుర్తొచ్చింది.

మాది కోడుమూరు. నేను చిన్నగా ఉన్నప్పుడే మా నాయన మగ్గం విప్పి బండికెత్తి కర్నూలు పాతబస్తీకి మార్చాడు. తెల్లవారకముందే వీధి పొడవునా పడుగు దారాలు పరిచి, ఆడవాళ్లూ మగవాళ్లూ కుంచెలతో గంజి పట్టించేవాళ్లు. ఎండ ఎక్కితే గంజి తొందరగా ఆరి పోగు పెళుసెక్కుతుందని ఆ తొందర. పులిసిన జొన్నగంజి వాసన, పక్కనే పొయ్యి మీద కాలుతున్న జొన్నరొట్టె వాసన, రెండూ కలిసి మా వీధికి ఒక వాసన ఉండేది. బడిలో పిల్లలు నన్ను ఆ వాసనతోనే గుర్తుపట్టేవాళ్లు. ఇంట్లోకి అడుగుపెడితే ముందు గదిలో మగ్గం, మగ్గం కింద గుంత, ఆ గుంతలో మా నాయన కాళ్లు. పొద్దున్నించి పొద్దుగూకేదాకా ఆ కాళ్లు కిందా మీదా ఆడుతూనే ఉండేవి. మధ్యాహ్నం రొట్టె కూడా ఆయన గుంత అంచున కూర్చునే తినేవాడు, చెనిగ్గింజల పొడీ ఉల్లిగడ్డా నంజుకుని.

నడివయసు దాటాక మా నాయనకు దగ్గర చూపు తగ్గింది. పోగు తెగితే ముడి వేయడానికి అమ్మనో నన్నో పిలిచేవాడు. దూరం చూపు మాత్రం గద్దచూపు. హంద్రీ అవతలి గట్టున మేసే గొర్రెల్లో ఏది కుంటుతుందో ఇవతలి గట్టు నుంచి చెప్పేవాడు. అద్దాలు పెట్టించుకోమని అమ్మ పోరుపెడితే, "ఇంట్లో మీ కండ్లుండాయి గదా, మళ్ల నాకు అద్దాలెందుకు?" అనేవాడు. వారంలో కొన్ని సాయంత్రాలు మాత్రం మగ్గం తొందరగా దిగి, కాళ్లు కడుక్కుని, తలకు రుమాలు చుట్టుకుని హాకీ చూడ్డానికి పోయేవాడు. జీవితంలో కర్ర పట్టినవాడు కాదు. ఆయన చూసేది గోలీని మాత్రమే. "తక్కినోళ్లు చేతుల్తో ఆడతారు, గోలీ కాళ్లతో ఆడతాడు. కాళ్ల పని యాడుండాదో నాకు తెలుసు," అనేవాడు. ఆట అయ్యాక మా ఇంటి అరుగు మీద, కడప బండ ఇంకా వేడిగా ఉండగానే, వీధిలో నలుగురూ చేరేవాళ్లు. గోలీని తూకం వేసే పని అక్కడ జరిగేది. తక్కెడ మా నాయన చేతిలో ఉండేది.

ఆ రోజుల గోలీ ఖాదరు. మా వీధి మలుపులో సైకిళ్లు బాగుచేసే అంగడి వానిది. పొట్టిగా, గట్టిగా, నవ్వుమొగంతో ఉండేవాడు. వాని దగ్గర ఎప్పుడూ రెండు వాసనలు, పంక్చరు వేసే జిగురు వాసన ఒకటి, అత్తరు వాసన ఒకటి. అంగడిలో పని లేనప్పుడు మా ఇంటికొచ్చి మగ్గం గుంత అంచున కూర్చునేవాడు. పోగు తెగితే మా నాయన నన్ను పిలిచేలోపే వాడు ముడి వేసేసేవాడు. సైకిలు ట్యూబుల్లో సన్న బెజ్జాలు వెతికే వేళ్లు కదా, పోగు వాటికి లెక్క కాదు. "చిన్నాయనా, ఇంకేమన్నా తెగినాయా?" అని అడిగేవాడు నవ్వుతూ. "నీ చెయ్యి పడితే పోగు తెగేదానికి కూడా సిగ్గుపడతాది ఖాదరప్పా," అనేవాడు మా నాయన. అదే ముడి నేను వేస్తే, "గంటు లావైంది, గుడ్డలో కనపడతాది," అనేవాడు. అమ్మ కూడా అంతే. పెనం మీద బాగా పొంగిన రొట్టె వాని విస్తట్లోకే పోయేది. కన్నకొడుకును నేనక్కడ గోడకు చేరగిలబడి మాడిన రొట్టె నములుతుంటే, ఖాదరు అర్ధం తుంచి నాకు పెట్టబోయేవాడు. అది ఇంకా మంట.

ఆట మాత్రం, అబద్ధం చెబితే నా నోరు పడిపోతుంది, బాగా ఆడేవాడు. మా గ్రౌండు సగం మన్ను, సగం గులకరాళ్లు. బంతి ఎప్పుడు ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. అట్లాంటి నేల మీద వచ్చిన బంతి ఖాదరు కాలికి తగిలితే అక్కడే చచ్చిపడేది. పడ్డ బంతిని తొందరేమీ లేకుండా పక్కకు తోసి, గోలులో నిలబడి నవ్వేవాడు. నేను చూసి చూసి అదే నేర్చుకున్నాను. నేర్చుకున్నానని ఎవరికీ చెప్పలేదు.

ఖాదరుకు కడపలో పెండ్లయింది. మామగారికి బండల వ్యాపారం. కొడుకులు లేరు, అల్లుణ్ని ఇల్లరికం తీసుకుపోయాడు. వాడు పోయే రోజు నా జీవితంలో పండగ. గోలుకు నన్ను తీసుకున్నారు. మా జట్టులో ఆచారం ఏమంటే, వదిలి పోయే గోలీ తన ప్యాడ్లు కొత్తవాని కాళ్లకు తన చేతులతో కట్టాలి, అందరి ముందరా. ఖాదరు నా ముందు మోకాళ్ల మీద కూర్చుని పట్టీలు బిగించాడు. కొస బెజ్జం దాకా లాగినా నా కాలికి వదులే. "మద్దిలేటీ, నీ కాళ్లు సన్నంగుండాయి. పట్టీకి ఇంకో బెజ్జం కొట్టల్ల," అన్నాడు. అందరూ నవ్వారు. మా నాయనా నవ్వాడు. ఆ బెజ్జం నేనే మేకుతో కొట్టుకున్నాను. ఖాదరు వాడిన బెజ్జం సాగి, పెద్దదై, నల్లబడి ఉండేది. దాని పక్కన నాది చిన్నగా, కొత్తగా, ఎవరూ గమనించనట్టుగా ఉండేది. ప్యాడ్లలో దూదికి ఆ అత్తరు వాసన పట్టేసింది. అమ్మ ఎన్నిసార్లు ఎండలో వేసి కర్రతో కొట్టినా పోలేదు. ఎండాకాలం ఆటలో చెమట పట్టేకొద్దీ నా కాళ్ల నుంచి ఖాదరు వాసన వచ్చేది.

ఇక అరుగు మీద తూకం మొదలైంది. నేను ఎడమకు దూకి బంతి ఆపితే, "ఖాదరైతే దూకేదే ల్యా, ముందే ఆడ నిలబడి ఉంటాడు," అనేవాడు మా నాయన. ముందే నిలబడి ఆపితే, "ఊరికే నిలబడినాడు, బాలు వచ్చి తగిలింది. ఖాదరైతే దాన్ని పక్కకు పెట్టిండేవాడు," అనేవాడు. పక్కకు పెడితే, "పెట్టినాడు సరే, ఎదుటి జట్టోనికి పెట్టినాడు." కాకిపిల్ల కాకికి ముద్దంటారు. మా నాయనకు ఆ సామెత ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ రోజుల్లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఎక్కడ చూసినా గుడారాలు, గుడారాల్లో ఆఫీసులు. సర్కారు జిల్లాల నుంచి వచ్చిన గుమాస్తాలు సాయంత్రమైతే ఏమీ తోచక మా ఆటకు వచ్చేవాళ్లు. పాపం వాళ్లకు ఖాదరు ఎవరో తెలియదు. "కుర్రాడు బాగా ఆడుతున్నాడండీ," అని ఒకాయన మా నాయనతోనే అన్నాడు, నేను కొడుకునని తెలియక. నేను గోలు దగ్గర పట్టీ విప్పుకుంటూ చెవులు రిక్కించాను. "మీరు ఖాదర్ని చూసుండరు సార్," అన్నాడు మా నాయన.

ఆ రాత్రి అన్నం తినకుండా అలిగాను. అమ్మ పక్కన కూర్చుని, "ఎవురన్నా మెచ్చుకుంటే నీకు దిష్టి తగులుతాదని అట్ల అంటాడులేరా. నేసిన గుడ్డను కూడా మీ నాయన ఎప్పుడన్నా బాగుందన్నాడా?" అంది.

"నాకు ఆ దిష్టే కావాల," అన్నాను.

"తిను. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నువ్వు పెరటి చెట్టువి," అంది అమ్మ, రొట్టె విరిచి నా నోట్లో పెడుతూ. నమిలాను గాని అరగలేదు. ఒక్కసారి, జీవితంలో ఒకే ఒక్కసారి, ఆ అరుగు మీద, నలుగురి ముందర, "ఖాదరు కన్నా మావాడే మేలు" అని మా నాయన అనాలి. నాకు కావాల్సింది అంతే. వేరే వరాలేమీ నేను ఏ దేవుణ్నీ అడగలేదు. మా నాయన ఒంటిమిట్ట కోదండరాముడికి మొక్కుకునేవాడు గనక, ఆ స్వామి చెవిన వేస్తే పని జరుగుతుందని ఆ రాముడికి మాత్రం ఈ మాట రహస్యంగా చెప్పుకున్నాను.

అట్లా ఉండగా కడపలో ఆట పెట్టారు. కడప జట్టుకూ మాకూ. ఖాదరు ఇప్పుడు కడప జట్టు గోలీ అని అందరికీ తెలుసు. అంటే ఒకే గ్రౌండు మీద, ఒకే రోజు, ఒక చివర వాడు, ఒక చివర నేను. తూకం వేయడానికి ఇంతకన్నా మంచి తక్కెడ ఉండదు. బయల్దేరే ముందురోజు మా నాయన మగ్గం మీద గుడ్డ సగంలో ఉండగానే దిగి, "నేనూ వస్తాండా కడపకు," అన్నాడు. పనిరోజున ఆయన పగలంతా మగ్గం వదలడం నేను పుట్టాక చూడలేదు. చావులకు కూడా సగం పూట నేసిన తరవాతే పోయేవాడు. అమ్మ రొట్టెలు కాల్చి మూట కడుతూ, "నీ ఆట చూసేదానికి మగ్గం దిగినాడు చూడు. ఇంగ ఊరికే ఏడవగాకు," అని నా చెవిలో అంది. బస్సులో ఆయన నా పక్కనే కూర్చున్నాడు. దారి పొడవునా జొన్నచేలు, నల్లరేగడి, ఎండిన వాగులు. ఆయన కిటికీలోంచి వాటినే చూస్తున్నాడు. నాకు మాత్రం లోపల డప్పులు మోగాయి.

కడపలో బస్సు దిగగానే ఖాదరు ఎదురొచ్చాడు. కాస్త ఒళ్లు చేశాడు. బండల దుమ్ముతో కనుబొమ్మలు కూడా తెల్లబడ్డాయి. మా నాయన చేతులు రెండూ పట్టుకుని, "చిన్నాయనా, పోగులు ఎవురు కడతాండారు నీకు?" అన్నాడు. మా నాయన కళ్లు చెమ్మగిల్లాయి. నేను మూట మోసుకుంటూ వెనక నడిచాను.

ఆట మొదలయ్యే ముందు గోలులో నిలబడి వెనక్కి చూశాను, మా నాయన ఎక్కడ నిలబడ్డాడో అని. లేడు. పక్కన చూశాను. లేడు. చివరికి కనపడ్డాడు, గ్రౌండు ఆ చివర, ఖాదరు గోలు వెనక. తెల్ల రుమాలు, చేతులు వెనక్కి కట్టుకుని. మగ్గం వదిలి, బస్సెక్కి, ఇంత దూరం వచ్చింది వాని కోసం. ఆ క్షణంలో నాకు కలిగిందాన్ని అసూయ అంటే అసూయ చిన్నబోతుంది. మొదటి సగం ఆటంతా బంతి ఎక్కడ ఉందో నాకు గుర్తు లేదు. నా వైపు వచ్చిన బంతులు ఆపాను, కాళ్లు వాటంతటవే ఆపాయి. కళ్లు మాత్రం ఆ రుమాలు మీదే.

హాకీలో సగం ఆట అయ్యాక జట్లు చివరలు మార్చుకుంటాయి. అంటే ఖాదరు ఇటొస్తాడు, నేను అటు పోవాలి, మా నాయన నిలబడి ఉన్న చోటికి. నేను ప్యాడ్లు ఈడ్చుకుంటూ గ్రౌండంతా దాటుతూ ఒకటే అనుకున్నాను. ఆయన ఏమీ చెయ్యక్కర్లేదు, కదలకుండా ఉంటే చాలు, నా వెనకకే వచ్చినట్టవుతుంది. నేను సగం దూరం పోయేసరికి ఆయన చెప్పులు చేతికి తీసుకుని, గ్రౌండు అంచు వెంబడి నడవడం మొదలుపెట్టాడు. నాకు ఎదురుగా వచ్చి, నన్ను దాటి, ఖాదరు పోతున్న వైపే పోయాడు. పోతూ పోతూ, "నీళ్లు తాగినావా?" అని మాత్రం అడిగాడు. నేను ఆగకుండా నడిచాను.

ఒక్క గోలుతో ఓడిపోయాం. బంతి గులకరాయికి తగిలి ఎగిరింది. ఇప్పటికీ అదే అంటాను. ఆట అయ్యాక ఖాదరు మా జట్టంతటికీ టీ ఇప్పించాడు. నేను దూరంగా కూర్చుంటే గ్లాసు పట్టుకుని నా పక్కకు వచ్చాడు. "మీ నాయన నా వెనకాల నిలబడినాడని కోపమా? ఆయన నన్ను ఒక్కసారన్నా చూసిందే ల్యా మద్దిలేటీ. బాలు నా కాళ్ల కాడికి వచ్చినా ఆయన చూపు నీ మీదనే ఉండె. గోలీ ఎనకాల నిలబడితే వీపే గదా కనపడేది. నీ మొగం చూడల్లంటే ఆడనే నిలబడల్ల," అన్నాడు. గెలిచినవాడు ఓడినవాణ్ని ఓదార్చే మాట అది అనుకున్నాను. ఓదార్చడంలో కూడా వాడే మేలనిపించుకున్నాడని ఇంకా ఒళ్లు మండింది. టీ తాగకుండా లేచాను.

తిరుగు బస్సులో మా జట్టువాడొకడు, "ఖాదరు ఏమాడినాడప్పా!" అన్నాడు. అందరూ మా నాయన వైపు చూశారు, తూకం మొదలవుతుందని. ఆయన కిటికీ వైపు తిరిగాడు. కాసేపటికి నాతో, "కాలు నొస్తాందా?" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన నోట ఖాదరు పేరు రాలేదు. అరుగు మీద ఎవరైనా ఎత్తినా, లేచి లోపలికి పోయేవాడు. నేను ఆడిన ఆటల గురించి కూడా ఏమీ అనడం మానేశాడు. తక్కెడ పక్కన పెట్టేశాడు. ఖాదరు దూరమైనందుకు దిగులనుకున్నాను. కడప నుంచి వచ్చిన కొన్నాళ్లకు నా ప్యాడ్లు విప్పి, పాత దూది తీసేసి కొత్త దూది కూర్చి, పట్టీలు కోసేసి కొత్త పట్టీలు కుట్టించాడు. నా కాలి కొలతకు సరిగ్గా. కోసిన పాత పట్టీలు, ఖాదరు బెజ్జాలున్నవి, పారేయలేదు. మగ్గం దుంగకు కట్టుకున్నాడు. గుర్తుగా పెట్టుకున్నాడని, రోజూ తాకుతూ నేస్తున్నాడని, ఆ పట్టీలను చూసినప్పుడల్లా నేను కుమిలేవాణ్ని. నేతగాడి ఇంట్లో తోలుముక్క కూడా పారేయరని, దుంగకు కట్టడానికి గట్టి పట్టీ కావాలని నాకు తెలియనిది కాదు. కుళ్లు కళ్లకు పొరలాంటిది, తెలిసింది కూడా కనపడనీయదు. మా నాయన పోయేదాకా ఆ పేరు ఎత్తలేదు. నేను కోరుకున్న మాటా అనలేదు.

మొన్న కర్నూల్లో చివరలు మార్చుకునే వేళకు నా మోకాళ్లు బిగుసుకుపోయాయి. చరణ్ అటు చివరకు పోయాడు. నేను వాని వెనక నడిచి పోవాలి, పాత అలవాటు ప్రకారం. ఎవరు పోతారు అంత దూరం? ఉన్నచోటే నిలబడ్డాను. అవతలి జట్టు గోలీ నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఈ మధ్య శుక్లాలు తీయించుకుని కంట్లో అద్దం వేయించుకున్నాను. అప్పటినుంచి నాకూ మా నాయన చూపే వచ్చింది, పేపరు చదవలేను గాని దూరాన ఎగిరే కాకి ముక్కు కనపడుతుంది. బంతి మధ్యలో ఎక్కడో ఉండగా చరణ్ నీళ్లు తాగడానికి టోపీ తీశాడు. తీసి, బంతి వైపు చూడకుండా, నేరుగా నా వైపు చూశాడు. ఇంత సేపు నా వెనక నిలబడిన ముసలాయన ఇప్పుడు వాని వెనక ఎందుకు నిలబడ్డాడు, అని అడుగుతున్నట్టు. ఆ మొగం నాకు కొత్త కాదు. అద్దంలో ఎప్పుడూ చూడలేదు గాని, లోపలి నుంచి నాకు బాగా తెలుసు.

గోనెపట్ట లేకపోయినా పట్టుకోవడానికి గోలు కొయ్య ఉంది, పట్టుకున్నాను. ఖాదరు చెప్పింది నిజమే. మా నాయన నా మొగమే చూశాడు, ఆ గద్దచూపుతో, ఆట రెండు సగాలూ. ఏం చూశాడో ఇప్పుడు నాకు కనపడుతోంది. అరుగు మీద ఊరికే అన్న మాటలు కొడుకును ఎంత కాల్చాయో ఆ రోజు చూశాడు. అందుకే బస్సులో కిటికీ వైపు తిరిగాడు. అందుకే ఖాదరు బెజ్జాలున్న పట్టీలు కోసేశాడు. తనకు ఎంతో ఇష్టమైన మనిషి పేరు ఇంట్లో వినపడకుండా చేసుకున్నాడు, తన ఒక్క సంతోషాన్నీ మానుకున్నాడు, అదీ నా కోసం. నేను దాన్ని కూడా ఖాదరు ఖాతాలోనే వేశాను. చరణ్ నీళ్లు తాగి టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. జాలీ వెనక మొగం మాయమైంది. ఈ కాలం గోలీల మీద నాకు నిజంగా అసూయ కలిగింది అప్పుడే. లోపల ఎంత మండినా ఎవరికీ కనపడదు. అట్లాంటి జాలీ ఒకటి నాకుండి ఉంటే, మా నాయన అరుగు మీద ఇంకొన్నేళ్లు నోరారా ఖాదరు గురించి చెప్పుకుని ఉండేవాడు. నేనూ విని ఉండేవాణ్ని.

ఆట అయ్యాక కార్యదర్శి కుర్రవాణ్ని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు. కుర్చీలో ముసలాయన కూడా చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. నలుగురూ చేరారు. "చెప్పండి సార్. పాతోళ్లతో చూస్తే మావోడెట్లుండాడు?" అన్నాడు కార్యదర్శి. కుర్రవాడు టోపీ చంకలో పెట్టుకుని, నన్ను చూడకుండా, నా చెప్పులు చూస్తూ నిలబడ్డాడు.

వాడు బాగా ఆడాడు. ఖాదరు కాలి కింద చచ్చిపడే బంతి వీని కాలి కింద ఇంకా కొంచెం దొర్లుతుంది. ముందుకు రావడానికి ఒక క్షణం వెనకాడతాడు. నాతో పోలిస్తే ఎట్లా అంటే, అది నేను చెప్పను. ఇవన్నీ చెబుదామనే గొంతు సవరించుకున్నాను, మా నాయన ఎట్లా సవరించుకునేవాడో అట్లాగే. ఆ పిల్లవాడి దించిన తల చూసేసరికి నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఖాదరు కన్నా వీడే మేలప్పా," అన్నాను.

ముసలాయన నా వైపు అసహ్యంగా చూశాడు. కార్యదర్శి చప్పట్లు కొట్టాడు. చరణ్ తలెత్తి నవ్వాడు, మొగమంతా, పళ్లన్నీ కనపడేట్టు. చూడలేక నేను తల తిప్పుకున్నాను.